పెళ్ళికొడుక్కి రెడ్ ట్యాగ్

మా కంపెనీలో విమానం తలుపులు తయారవుతాయి. తలుపులంటే మొత్తం తలుపులని కాదు. వెనకవైపు ఎడమ తలుపులో కింది సగం. పై సగం ఏ దేశంలో చేస్తారో మాకు తెలీదు, మేమున్నట్టు వాళ్ళకీ తెలీదు. అయినా ఆ రెండూ ఎక్కడో కలిసి, అతుక్కుని, ఆకాశంలో తిరుగుతున్నాయంటే దానికి దైవకృప కొంతా, మా నాణ్యత విభాగం కొంతా కారణం. ఆ విభాగంలో నేనొక ఇన్‌స్పెక్టర్ని. పేరు కామేశం. ఇన్నేళ్ళుగా విమానం తలుపులు చూస్తున్నాను గాని, ఒక తలుపులోంచి లోపలికి అడుగుపెట్టే యోగం ఇంకా పట్టలేదు. ఊరెళ్ళాలంటే నాకు ఆర్టీసీ బస్సే గతి.

ఏటా మా దగ్గర ఉద్యోగుల అనుభవం మీద ఒక సర్వే జరుగుతుంది. మనసులో మాట నిర్భయంగా రాయమంటారు, పేరు రాయక్కర్లేదంటారు, ఉద్యోగి నంబరు మాత్రం తప్పనిసరి అంటారు. అందువల్ల అందరం ఏటా నిర్భయంగా 'చాలా బాగుంది' అని రాస్తూ వస్తున్నాం. ఈ ఏడు మాత్రం ఎవడో కొంటెగాడు 'ఇక్కడ విడిభాగాలకి జరిగే మర్యాదలో సగం మనుషులకి జరిగితే చాలు' అని రాసి, నంబరు దగ్గర మేనేజింగ్ డైరెక్టరు గారి నంబరు వేశాడు. దాంతో ఆ వాక్యం ఫిర్యాదు కాకుండా పోయింది. దార్శనికత అయిపోయింది.

మాట మాత్రం అబద్ధం కాదు. మా దగ్గర విడిభాగమంటే కొత్త అల్లుడి కింద లెక్క. దానికి ఏసీ గది, స్పాంజి పరుపు. చేతికి తొడుగు లేకుండా ఎవరూ ముట్టుకోకూడదు. బరువైనదైతే ఒక్కరు ఎత్తకూడదు. లోపలికి దుమ్ము పోకుండా ప్రతి రంధ్రానికీ ప్లాస్టిక్ మూత. ఆ అల్లుడికి సేవలు చేసే మనుషులం మేం రేకుల షెడ్డు కింద, ఎండాకాలంలో తడిగుడ్డ నెత్తినేసుకుని తిరిగేవాళ్ళం.

మానవ వనరుల విభాగానికి అధిపతి మార్తాండ్ గారు. ఆయన మమ్మల్నందరినీ క్యాంటీన్లో సమావేశపరిచారు. ఆయన ఎప్పుడూ మెడలో రెండు గుర్తింపు కార్డులు వేసుకుంటారు, ఒకటి పోయినా తాను తానేనని రుజువుండాలని.

"మిత్రులారా! మన పీపుల్ జర్నీలో ఇదొక మహోజ్జ్వల ఘట్టం. మేనేజింగ్ డైరెక్టరు గారి దివ్యమైన ఆలోచన మేరకు ఈ రోజునుంచి మీరు ఉద్యోగులు కారు. క్రిటికల్ కాంపోనెంట్లు! విడిభాగానికి వర్తించే ప్రతి నిబంధనా అక్షరం పొల్లుపోకుండా మీకూ వర్తిస్తుంది."

చప్పట్లు కొట్టాం. కొట్టడానికి కారణం కూడా ఉంది, ఆ వేళ క్యాంటీన్లో మైసూరుపాకు పెట్టారు.

మొదట్లో నిజంగానే రాజభోగం జరిగింది. షెడ్డుకి ఏసీ వచ్చింది. కుర్చీలకి స్పాంజి వచ్చింది. ప్రతివాడి వీపు మీదా 'పెళుసు వస్తువు, అదిరించరాదు' అని స్టిక్కరు అంటించారు. దాంతో ఫోర్‌మన్లు కేకలెయ్యడం మానేసి, చెవి దగ్గరకొచ్చి గుసగుసగా తిట్టడం మొదలుపెట్టారు. తర్వాత రంధ్రాలకి మూతలు పెట్టాలన్న నిబంధన గుర్తొచ్చి చెవుల్లో ప్లాస్టిక్ బిరడాలు పెట్టారు. ఆ గుసగుసలు కూడా వినబడ్డం మానేశాయి. ఆ నెల పని రెట్టింపయింది. పైవాళ్ళు చెప్పేది వినబడకపోతే పని ఇంత బాగా సాగుతుందని మాకు అంతవరకూ తెలీదు.

కాని మర్యాద ఊరికే రాదు కదా. నాణ్యత విభాగానికి అధిపతి దక్షిణామూర్తి గారు ఒక ఉదయం సమావేశంలో లేచి నిలబడ్డారు. ఈయన గురించి చెప్పాలి. మనిషి బంగారం. లంచం ఎరగడు, అబద్ధం ఎరగడు, ఇల్లు కూడా పెద్దగా ఎరగడు. వెంట్రుక మందం తేడా ఉంటే తలుపునే వెనక్కి పంపేస్తాడు. ఆయన సంతకం లేనిదే మా ఫ్యాక్టరీలోంచి గుండుసూది బయటికి పోదు.

"విడిభాగానికి ముందు తనిఖీ, తర్వాతే మర్యాద. డ్రాయింగుతో సరిపోల్చి చూడకుండా కాంపోనెంట్లని లోపలుంచుకోవడం నాణ్యతా ధర్మానికి ద్రోహం," అన్నారాయన.

"కాని సార్, మనిషికి డ్రాయింగేదీ?" అన్నాను నేను.

ఆయన చాలాసేపు ఆలోచించి, "ఉంది. పదో తరగతి సర్టిఫికెట్," అన్నారు.

అది విని ఆశ్చర్యపోయాను గాని, కాదనడానికి ఏమీ తోచలేదు. ప్రభుత్వం వారు ముద్రవేసి ఇచ్చిన పత్రం. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, వీటన్నిటికీ కిందుగా ఒకటో రెండో పుట్టుమచ్చలు. మనలో ఎవరికైనా ఒంటి నిర్మాణం గురించి సర్కారు వారు రాసిచ్చిన సాంకేతిక సమాచారం ఆ మచ్చలే.

తనిఖీ పని నాకు అప్పగించారు. ముందుగా నా దగ్గరకొచ్చినవాడు లోకనాథం. బొబ్బిలి వైపు కుర్రాడు, రివెట్లు కొట్టడంలో మొనగాడు. మర్నాడు సాయంత్రం రైలెక్కాలి, ఆ పై రాత్రి వాళ్ళ ఊళ్ళో పెళ్ళి. అప్పటికే షెడ్డంతా శుభలేఖలు పంచిపెట్టి, మొహమంతా పెళ్ళికళతో ఉన్నాడు. సర్టిఫికెట్లో 'కుడి మోచేతి కింద ఒక మచ్చ' అని ఉంది. చెయ్యి చాపించి చూశాను. లేదు. టార్చి వేశాను. లేదు. భూతద్దం పెట్టాను. వెంట్రుకలు పెద్దవిగా కనబడ్డాయి, అంతే.

"ఉంటాదండీ గురూగారూ, సరిగ్గా సూడండి. సిన్నప్పట్నించీ సర్టిఫికెట్లో ఉన్నాదండీ!" అన్నాడు లోకనాథం.

ఎడంచెయ్యి కూడా చూసి, ఏదో ఒకటి రాసి వదిలేద్దామనుకున్నాను. కాని నా వెనకే దక్షిణామూర్తి గారు నిలబడి ఉన్నారు.

"ఉండవలసిన అంశం లేదు," అన్నారాయన గంభీరంగా. "ఇది చిన్నది కాదు, పెద్ద లోపం. రెడ్ ట్యాగ్!"

మా దగ్గర రెడ్ ట్యాగ్ పడ్డ వస్తువుని ఇనుప జాలీ గదిలో పెట్టి తాళం వేస్తారు. దాని సంగతి తేలేదాకా బయటికి రాకూడదు. ట్యాగు లోకనాథం చొక్కా గుండీకి కట్టి, ఫోను తీసుకుని, తీసుకెళ్ళి జాలీ గదిలో అప్పగించాను. ఆ గదికి కాపలాదారు పోశెట్టి. లోకనాథాన్ని పైనుంచి కిందికి చూశాడు.

"సార్, గీ గదిల అన్నం తినే వస్తువు గిప్పటిదాంక రాలే. గీయనను ఏ అరల పెట్టాలె?"

"రూల్ ప్రకారం బరువును బట్టి."

"గట్లనైతే కింది అరల్నే," అని పోశెట్టి ఒక వంకరపోయిన రేకుని పక్కకి జరిపి, లోకనాథానికి చోటు చేశాడు. చేతికి తొడుగులు వేసుకుని మరీ కూర్చోబెట్టాడు.

"గురూగారూ, రేపు సాయంత్రం రైలండీ!" అని జాలీలోంచి లోకనాథం అరిచాడు. నవ్వులాటకి మొదలైంది ఇంతదాకా వస్తుందనుకోలేదు.

ఆ మధ్యాహ్నమే లోపాల సమీక్షా మండలి కూర్చుంది. రెడ్ ట్యాగ్ వస్తువుకి దారులు కొన్నే. మొదటిది మరమ్మతు.

"పోనీ, పచ్చబొట్టు పొడిపించేద్దామా సార్? సూదిపోటంత పని," అన్నాను.

దక్షిణామూర్తి గారు నాకేసి జాలిగా చూశారు. "కామేశం! అది నకిలీ అంశం. రేపు ఆ మచ్చ ముప్పైవేల అడుగుల ఎత్తున ఊడి పడితే బాధ్యులెవరు?"

రెండోది స్క్రాప్. పనికిరాని విడిభాగాన్ని ఊరికే పారెయ్యకూడదు, బయట ఎవరైనా ఎత్తుకుపోయి విమానానికి బిగించెయ్యొచ్చు. అందుకని ముక్కలు చేసి ఎర్రరంగు పూయాలి. మార్తాండ్ గారు ఈ సంగతి చాలా శ్రద్ధగా విని, న్యాయ విభాగానికి ఫోను చేసి వచ్చారు.

"సూత్రప్రాయంగా వారికి అభ్యంతరం లేదు. కాని ఎర్రరంగు వాడకానికి కాలుష్య నియంత్రణ వారి అనుమతి కావాలట. అది వచ్చేసరికి ఆలస్యమవుతుంది," అన్నారు.

కాలుష్య నియంత్రణ వారిమీద నాకు మొట్టమొదటిసారి గౌరవం కలిగింది. ఇక మిగిలిన దారి, సరఫరాదారుకి వాపసు. లోకనాథం సరఫరాదారు ఎవరా అని మండలి తర్జనభర్జన పడి, చివరికి వాళ్ళమ్మే అని తేల్చింది. ఆవిడ పేరు పారమ్మ. పెళ్ళి బట్టలు కొనడానికి నగరానికి వచ్చి, కాబోయే కోడలి గదిలోనే దిగి ఉంది. ఆవిడకి మనిషి చేత ఉత్తరం వెళ్ళింది. 'తమరు సరఫరా చేసిన లోకనాథం అను వస్తువు, సంఖ్య ఒకటి, డ్రాయింగునకు అనుగుణముగా లేనందున, వెంటనే హాజరై సంజాయిషీ ఇచ్చుకొనవలెను.'

మర్నాడు పొద్దున్నే పారమ్మ వచ్చింది. వెంట పెళ్ళికూతురు సుగుణ, చేతుల్లో పెట్టెలు, సంచులు. సుగుణ ఇక్కడే ఒక ఆస్పత్రిలో నర్సు. ఇద్దరూ సామానుతో సహా వచ్చేశారు, ఇక్కణ్ణుంచి తిన్నగా ముగ్గురూ స్టేషనుకి పోదామని.

"ఎవులు బాబూ, నా కొడుకుని వొస్తువన్నోడు?" అంది పారమ్మ గుమ్మంలోంచే.

దక్షిణామూర్తి గారు లేచి నమస్కారం పెట్టారు. "అమ్మా, తమరు సరఫరాదారు ప్రతినిధా?"

"నాను ఆడి అమ్మని."

"అదే. అసలు తయారీదారు. కూర్చోండి. ఒక్క ప్రశ్న. మీ దగ్గర్నుంచి పంపేటప్పుడు ఈ వస్తువుకి కుడి మోచేతి కింద మచ్చ ఉందా?"

పారమ్మ పెద్దగా నవ్వేసింది. "మచ్చేటి, మన్నేటి! ఆల బళ్ళో మాస్టారు పొరుగూర్నించి బస్సులో వొచ్చీవోరు బాబూ. ఆ రోజు బస్సెలిపోతాదని, ముందు కూకున్న గుంటడి సెయ్యొకటి సూసి, ఆడికున్న మచ్చే వరస మొత్తానికి రాసీసినారు. మా ఊళ్ళో ఆ యేడు పది పాసైన గుంటలందరికీ కుడి మోసేతి కిందే మచ్చ!"

మామూలు మనిషైతే ఈ మాటకి నవ్వి తాళం తీసేవాడు. దక్షిణామూర్తి గారి మొహం పాలిపోయింది.

"అంటే... ఇది ఒక్క వస్తువులో లోపం కాదు. బ్యాచి లోపం! ఏ బడిలో ఏ మాస్టారు ఏ బస్సు కోసం తొందరపడ్డాడో ఎవరికి తెలుసు? కామేశం, అందర్నీ తనిఖీ చెయ్యి!"

చేశాను. చెయ్యకపోతేనే బాగుండేది. పొదిలి మాస్టారైనా, పరకాల మాస్టారైనా, మదనపల్లె మాస్టారైనా అందరికీ ఏదో ఒక బస్సు ఉన్నట్టే తేలింది. ఒకతనికి మచ్చ ఉంది గాని కుడికి బదులు ఎడమన ఉంది. తలుపుల్లో కూడా అప్పుడప్పుడు ఇలా కుడి ఎడమలు తారుమారవుతాయి, రెడ్ ట్యాగే. పెయింటింగ్ సెక్షనులో ఒకావిడకి రాసిన రెండూ ఉండి పైన ఇంకో మూడు ఉన్నాయి. 'అదనపు పదార్థం' అని రాసి ఆవిడనీ పంపించాం. నాకు మాత్రం మెడ మీద రాసినచోటే రాసినట్టుగా మచ్చ ఉంది. మా పంతులుగారికి సొంత సైకిలుండేది. మార్తాండ్ గారు చదివినది ఎక్కడో కొండ మీది కాన్వెంటు, అక్కడ మచ్చలు రాసే అలవాటు లేదట. డ్రాయింగే లేని వస్తువుని దేనితో సరిపోలుస్తాం? అందువల్ల ఆయన తనిఖీకే రాలేదు.

భోజనాల వేళకి జాలీ గది కిటకిటలాడింది. పోశెట్టి తలపట్టుకున్నాడు.

"సార్, అరలు నిండినయ్. ఇగ మీదికెళ్ళి ఏలాడదియ్యాల్నా?"

అప్పుడు దక్షిణామూర్తి గారు నా దగ్గరకొచ్చి, తన సర్టిఫికెట్టు నా చేతిలో పెట్టి, తల పక్కకి తిప్పి నిలబడ్డారు. 'ఎడమ చెవి వెనక ఒక మచ్చ.' చూశాను. చెవి వెనక నెరిసిన వెంట్రుకలు తప్ప ఏమీ లేవు. ఉందని చెప్పెయ్యాలని నాలిక చివరిదాకా వచ్చింది. కాని ఆ మనిషితో అబద్ధమాడ్డానికి నోరు రాలేదు.

"లేదు సార్," అన్నాను.

ఆయన జేబులోంచి రెడ్ ట్యాగు తీసి, దానిమీద తన పేరు తనే గుండ్రటి అక్షరాల్లో రాసుకుని, గుండీకి కట్టుకుని, నడిచి వెళ్ళి జాలీ గదిలో కూర్చున్నారు. నవ్వాలో దణ్ణం పెట్టాలో తెలీక నేను రెండూ చేశాను.

లోపల లోకనాథం మాత్రం లబోదిబోమన్నాడు. "ఓలమ్మో! సంతకం ఎట్టాల్సిన మనిషే లోపలికొచ్చీసినాడు! ఇంక నన్నెవులొగ్గుతారండీ?"

సుగుణ అంతవరకూ వార్డులో రోగి బంధువులందరూ అరుస్తున్నప్పుడు నర్సు నిలబడినట్టు నిలబడి ఉంది. ఇప్పుడు జాలీ దగ్గరకెళ్ళి దక్షిణామూర్తి గారిని అడిగింది.

"సార్, మీ పద్ధతిలోనే చెప్పండి. లోపమున్నదాన్ని ఎప్పుడూ వాడరా?"

దక్షిణామూర్తి గారి కళ్ళలో వెలుగొచ్చింది. నిబంధన అడిగితే ఆయనకి ప్రాణం లేచొస్తుంది. "వాడొచ్చు తల్లీ. లోపమేమిటో పూర్తిగా తెలుసుకుని, కస్టమర్ సంతకం పెడితే, ఉన్నది ఉన్నట్టుగా వాడుకోవచ్చు. దాన్ని మినహాయింపు అంటారు."

"కస్టమరంటే విమానాల కంపెనీ కదా! సముద్రాల అవతల ఉన్నారు. జవాబు రావడానికి శ్రావణం వెళ్ళి కార్తీకం వస్తుంది," అన్నారు మార్తాండ్ గారు.

"వాళ్ళు ఈ మనిషినేం చేసుకుంటారండీ? ఈయన ఎవరింటికి రావలసిన మనిషి?" అంది సుగుణ.

దక్షిణామూర్తి గారు కళ్ళు మూసుకుని నిబంధనలన్నీ లోపల్లోపల చదువుకుని, "కస్టమరంటే తుది వినియోగదారు అనే రాసి ఉంది. అమ్మాయి మాటే చెల్లుతుంది. కామేశం, ఫారం తీసుకురా," అన్నారు.

ఫారం తెచ్చాను. సుగుణ చదివి, "మచ్చ లేదని ఒక్కటే రాశారు. ఇంకేమైనా ఉన్నాయా?" అంది.

"తెలిసిన లోపాలన్నీ సరఫరాదారు వెల్లడించాలి," అన్నారు దక్షిణామూర్తి గారు జాలీలోంచి.

పారమ్మ అందుకోసమే ఎదురుచూస్తున్నట్టు సర్దుకుని కూర్చుంది. "రాసుకో బాబూ. కూరలో ఉల్లిపాయ ఏరీసి కంచం పక్కనెట్టీస్తాడు. తడి తువ్వాలు మంచమ్మీద పడీస్తాడు. కోపమొస్తే తిండి మానడు గానీ మాట మానీస్తాడు."

"అమ్మా! నువ్వెవులి పచ్చమే?" అన్నాడు లోకనాథం.

"ఎన్నాళ్ళు మానేస్తాడత్తా?" అంది సుగుణ, మందుల చీటీ రాసుకుంటున్నట్టు.

"ఆకలేసీదాకా."

సుగుణకి నవ్వొచ్చింది. ఇక చివరి గడి మిగిలింది, మినహాయింపు ఎంతకాలం చెల్లుతుందో రాయాలి. "మామూలుగా ఎంత రాస్తారండీ?" అని అడిగింది.

"ఆరు నెలలు. బాగా నమ్మకం ఉన్న కస్టమర్లు మాత్రం వస్తువు జీవితకాలం అంతా రాస్తారు," అన్నారు దక్షిణామూర్తి గారు.

సుగుణ జాలీలోంచి లోకనాథాన్ని చూసింది. కింది అరలో, వంకర రేకు పక్కన, రెడ్ ట్యాగుతో, చెవుల్లో బిరడాలతో కూర్చుని ఉన్నాడు. పరీక్ష ఫలితం కోసం చూసే పిల్లాడిలా ఆమె మొహంకేసే చూస్తున్నాడు. ఆమె 'జీవితకాలం' అని రాసి సంతకం పెట్టింది. నేను పెళ్ళిళ్ళు చాలా చూశాను గాని, కళ్ళు చెమర్చింది మాత్రం ఆ ఫారం చూసినప్పుడే.

అంతా అయిపోయిందనుకుని పోశెట్టి తాళంచెవి తీశాడు. "ఆగు," అన్నారు దక్షిణామూర్తి గారు. "దాని కింద నాణ్యతాధిపతి సంతకం కావాలి. అది నేను. కాని నాకే రెడ్ ట్యాగుంది, నా సంతకం చెల్లదు. ముందు నా కస్టమర్ నన్ను అంగీకరించాలి."

"తమరి కస్టమరెవరు సార్?" అన్నాను.

ఆయన ఆలోచించి, ఎప్పుడో చూసిన మనిషిని గుర్తుచేసుకుంటున్నట్టు, "మా ఆవిడే అయ్యుంటుంది. వనజ," అన్నారు.

వనజ గారు ఆటోలో వచ్చారు. మేమెవరమూ ఆవిణ్ణి అంతకు ముందు చూడలేదు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, ఫారం మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివారు. భర్తకి తగ్గ ఇల్లాలు అనుకున్నాను. అప్పుడావిడ ఫారం మడిచి నాకు తిరిగిచ్చేశారు.

"నేను సంతకం పెట్టలేనండీ."

లోకనాథం జాలీ పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"మచ్చ గురించాండీ?" అన్నాను.

"మచ్చకేం బాబూ, చెవి వెనక ఏముందో నేనెప్పుడు చూశాను గనక! ఇందులో 'వస్తువును స్వీకరించిన కస్టమర్' అని రాశారు. నాకు ఈ వస్తువు ఇంకా అందలేదు. పొద్దున్న పాలవాడికంటే ముందు వెళ్ళిపోతారు, వడ్డించింది చల్లారాక వస్తారు. ఆదివారమొస్తే ఆడిటంటారు. పెళ్ళైన కొత్తలో నాలుగు రోజులు శాంపిల్ చూపించారు, అంతే. సరుకంతా మీ గోడౌన్లోనే ఉండిపోయింది. అందని సరుకుకి అందినట్టు సంతకం పెట్టమంటే ఎలాగండీ?"

ఆవిడ కోపంగా అనలేదు. మార్తాండ్ గారు గొంతు సవరించుకున్నారు. "మేడం, మన పీపుల్ జర్నీలో..."

"నేనూ అదే అంటున్నానండీ. ప్రయాణమే తప్ప ఇల్లు చేరడం లేదు."

అందరం దక్షిణామూర్తి గారికేసి చూశాం. ఆయన తలొంచుకుని ఉన్నారు. చిన్న గొంతుతో, "ఆవిడ చెప్పింది నిబంధన ప్రకారం సరైనదే. డెలివరీ లేనిదే అంగీకారం చెల్లదు," అన్నారు.

గోడ గడియారం చూసి పారమ్మ గుండె బాదుకుంది. "అయితే పంపీండి బాబూ! ఆయన్ని ఆలింటికి పంపీండి! రైలెలిపోతాది!"

పంపడం ఒక్కటే దారి. కాని రెడ్ ట్యాగ్ వస్తువు గేటు దాటి కాళ్ళతో నడవకూడదు, లారీలో సరుకుగానే పోవాలి. దక్షిణామూర్తి గారే దగ్గరుండి తనకి స్పాంజి చుట్టించుకున్నారు. ఒకచోట వదులైందని విప్పించి మళ్ళీ చుట్టించారు. లోకనాథాన్ని కూడా 'మార్గమధ్యంలో ఉన్న సరుకు' అని రాసి ఎక్కించాం. ముందు సీట్లో ఆడవాళ్ళు ముగ్గురూ, వెనక సరుకుతోపాటు నేనూ, పోశెట్టీ.

దారిలో దక్షిణామూర్తి గారు స్పాంజిలోంచి మెడ చాపి చూస్తూ, "ఈ వంతెన ఎప్పుడు కట్టారు కామేశం?" అన్నారు.

"చాలా ఏళ్ళయింది సార్."

"పొద్దుపోయాక వెళ్తాను కదా, దీపాలు చూసి ఏదో పెళ్ళి పందిరనుకునేవాణ్ణి."

వాళ్ళింటి ముందు లారీ ఆగింది. పోశెట్టీ నేనూ ఆయన్ని చెరోవైపు పట్టుకుని, 'ఈ వైపు పైకి' అన్న బాణం గుర్తు తలవైపు ఉండేలా జాగ్రత్తగా దించాం. పక్కింటావిడ గోడమీంచి తొంగి చూసి, "కొత్త ఫ్రిజ్జాండీ వనజ గారూ?" అంది.

"కాదండీ, మావారు," అన్నారు వనజ గారు.

వసారాలో దింపి, ఫారం ఇచ్చాను. ఆవిడ ఆయన చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. భుజమ్మీద చెయ్యేసి, చెవి వెనక కూడా చూశారు. తర్వాత సంతకం పెట్టి, రిమార్కుల గడిలో 'అందింది. బాగా ఆలస్యంగా' అని రాశారు. దక్షిణామూర్తి గారు అది చదివారు. పెన్ను అందుకుని లోకనాథం ఫారం మీద సంతకం పెట్టారు, వంకర లేకుండా, ఎప్పటిలాగే.

పోశెట్టి కత్తెరతో రెడ్ ట్యాగు కత్తిరించాడు. "ఇగ నువ్వు మంచి పీసువే తమ్మీ. ఉరుకు!"

ఉరికాం. లారీ స్టేషను చేరేసరికి రైలు కదలడానికి సిద్ధంగా ఉంది. లోకనాథం రెండు పెట్టెలు నెత్తిన పెట్టుకుని, చెవుల్లో బిరడాలు తీసుకోవడం కూడా మర్చిపోయి పరుగెత్తాడు. వెనక సంచులతో సుగుణ, ఆ వెనక దారినపోయేవాళ్ళందర్నీ తిట్టుకుంటూ పారమ్మ. ముగ్గురూ ఎక్కారు. రైలు కదిలింది. గుమ్మంలో నిలబడి లోకనాథం చెయ్యూపుతూ ఏదో అరిచాడు, సుగుణ అతని చెవిలో బిరడా పీకి ఏదో చెప్పింది, ఇద్దరూ నవ్వుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు. నాకు చెప్పలేనంత సంతోషం వేసింది.

ప్లాట్‌ఫారం మీద ఉండగానే మార్తాండ్ గారు ఫోను చేశారు.

"కామేశం! జాలీ గదిలో అందరూ గోల చేస్తున్నారు. సంతకాలకని వాళ్ళ ఇళ్ళవాళ్ళని పిలిపిస్తే, గేటు దగ్గర బారులు తీరారు. ఒక్కరూ సంతకం పెట్టడం లేదు, ముందు డెలివరీ చెయ్యమంటున్నారు! వెంటనే దక్షిణామూర్తి గారిని తీసుకురా."

"ఆయన డెలివరీ అయిపోయారు సార్. సంతకం కూడా తీసుకున్నాం."

"అయితే వాపసు తీసుకురావయ్యా!"

"కుదరదు సార్," అన్నాను. "మేం బయల్దేరేసరికే ఆవిడ ప్యాకింగు విప్పేశారు."